అతుకునందలి ఉక్కు

తిరుపతి రైల్వే నిలయమున ఆగియున్న ఎల్.హెచ్.బి. రకపు రైలుపెట్టె ప్రక్కగోడకు ఒక చిన్న అయస్కాంతమును చేర్చినచో అది చప్పున అంటుకొనును. అదే పెట్టె పైకప్పు రేకునకు చేర్చినచో పట్టు చిక్కక జారిపోవును. గోడయు కప్పును రెండును స్టెయిన్‌లెస్ స్టీలే. రెంటియందును క్రోమియము కలదు. రెండును ఎండకును వానకును ఓర్చుకొనుటకే ఏర్పడినవి. అయినను వాని నడుమనున్న ఒక భేదమును అయస్కాంతము కనిపెట్టుచున్నది. ఆ భేదము పరమాణువులు పేర్చబడిన తీరునందున్నది. గోడరేకునందు అవి ఘనాకృతి మూలలయందును, ఘనము నడిబొడ్డునందును నిలిచియుండును. ఈ అమరికకు ఫెర్రైటు అని పేరు. కప్పురేకునందు మూలలతోబాటు ఆరు ముఖముల మధ్యస్థానములయందు నిలిచియుండును, ఇది ఆస్టెనైటు. మన వంటయిండ్లలో మంచి స్టీలు సామానని పేరుపడినది చాలవఱకు ఈ రెండవ జాతికి చెందినదే గనుక, అంగడివాడు గిన్నెకు అయస్కాంతము పెట్టి, అంటలేదు చూడుమని మనలను నమ్మించుచుండును. ఆ పరీక్షను అంతగా నమ్మరాదు. నికెలునకు బదులు మాంగనీసు పోసి చవుకగా చేసిన ఆస్టెనైటుకును అయస్కాంతము అంటదు.

ఈ రెండు అమరికలలో దేని గుణము దానికి కలదు, దేని దోషము దానికి కలదు. ఆస్టెనైటు సాగును, వంగును, అతిశీతలమునందు గూడ పెళుసు గాదు, అతుకునకు సులభముగా లొంగును. కాని దాని బలము సామాన్యము, దానిని నిలుపుటకు వలయు నికెలు ప్రియము. అన్నిటికంటె మించిన దోషము మఱియొకటి కలదు. ఉప్పునందలి క్లోరైడును, సుమారు 60 డిగ్రీల వేడిమియు, లోపల బిగిసియున్న లాగుడును మూడును ఒక్కచోట కూడినపుడు, పైకి మెఱయుచునే యున్న ఆస్టెనైటు పలకలో కొమ్మలు చీలినట్టి సన్నని బీటలు పాకి, ముందుగా ఏ సూచనయు నీయకుండ గొట్టము పగులును. ఫెర్రైటుకు ఈ వ్యాధి చాల తక్కువ. దానికి బలము హెచ్చు, నికెలు అక్కఱయు స్వల్పమే. కాని చలిలో అది పెళుసగును; మందపు పలకగా పనికిరాదు; వెల్డింగు మంటకు దాని రేణువులు ఊరి పెద్దవై అతుకుప్రక్కన దార్ఢ్యము నశించును.

చిత్తూరు, పలమనేరు ప్రాంతముల మెరకనేలలో నివసించువానికి క్లోరైడు చింత అంతగా ఉండదు. అచ్చటి గాలి పొడిగాలి, అచ్చటి గేటుకు మామూలు ఇనుమునకు రంగు వేసినను ఏండ్లు గడచును. తూర్పునకు దిగి నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటి పులికాటు సరస్సు ఒడ్డునకు చేరుసరికి పరిస్థితి మాఱును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగినపుడు సూళ్ళూరుపేటతోబాటు శ్రీహరికోట గూడ తిరుపతి జిల్లాలో చేరినది. ఒకవైపు పులికాటు ఉప్పునీరు, మఱియొకవైపు బంగాళాఖాతము, నడుమ సన్నగా సాగిన ఆ దీవిలో నుండి 1971 అక్టోబరు 9వ తేదీన మొదటి రాకెట్టు పైకెగసినది. అచ్చట గాలియే ఉప్పుగాలి. కొండక్రింది ఊరనుకొన్న తిరుపతి ఈ విధముగా ఒక సముద్రతీర జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కావున స్టెయిన్‌లెస్ స్టీలును గూర్చి ఇచ్చట విచారించునపుడు ఉప్పును మఱచుటకు వీలులేదు.

రెండు జాతుల గుణములను ఒకే లోహమునందు కూర్చరాదా అను ప్రశ్న సహజముగా పుట్టును. స్వీడను దేశమున అవెస్తా అను ఊరి కర్మాగారమున 1930లోనే ఇట్టి ఉక్కును పోతపోసినారు. ఫ్రాన్సునందు ఫిర్మినీ పట్టణమున హోల్ట్‌జర్ కంపెనీలో అది 1933లో పొరపాటున పుట్టినది: నూటికి 18 పాళ్ళ క్రోమియము, 9 పాళ్ళ నికెలు ఉండవలసిన కరుగులో క్రోమియము 20 పాళ్ళయి, నికెలు 8 పాళ్ళకు దిగినది. పాడైపోయినదని పారవేయక పరీక్షించి చూడగా, ఫెర్రైటు విశేషముగా కలిసిన ఆ లోహము, రేణువుల హద్దుల వెంబడి పాకు క్షయమునకు లొంగక నిలిచినది. ఈ వంశమునకే నేడు డ్యూప్లెక్సు అని వ్యవహారము. వీనిలో మిక్కిలి ప్రచారమునందున్న 2205 రకమున 22 పాళ్ళ క్రోమియము, 5 పాళ్ళ నికెలు, 3 పాళ్ళ మాలిబ్డినము, వానితో రమారమి 0.17 పాలు నత్రజని ఉండును. సూక్ష్మదర్శిని క్రింద చూచినచో సగము ఫెర్రైటు, సగము ఆస్టెనైటు ఒండొంటిని పెనవైచుకొని కానవచ్చును. వంటపాత్రల 304 రకము శాశ్వతముగా వంగుటకు 205 మెగాపాస్కల్ ఒత్తిడి చాలునని ప్రమాణగ్రంథములు లెక్కింపగా, 2205కు 450 తగ్గరాదని నిర్ణయించినవి. రెట్టింపునకు మించిన ఈ బలము వలన గొట్టపు గోడను పలుచన చేయవచ్చును. సముద్రజలమును మంచినీరుగా మార్చు యంత్రశాలలలో అధిక పీడనపు గొట్టములకును, సముద్రగర్భమునుండి చమురును వాయువును తెచ్చు మార్గములకును ఈ వంశమువారినే పిలుచుచుందురు.

అయితే ఈ సమపాళ్ళ స్థితి తనంతట తాను కలిగినది గాదు. కర్మాగారమున పలకను 1020 మొదలు 1100 డిగ్రీల వఱకు గల వేడిమిలో నానబెట్టి, ఫెర్రైటు, ఆస్టెనైటు అను రెండు దశలును సరితూగిన క్షణమున నీటిలో ముంచి ఆ తూకమును ఘనీభవింపజేయుదురు. గొట్టము కొన్న వానికి చేరునది ఈ విధముగా బంధింపబడిన తూకము. వెల్డరు మంట దానిని విప్పివేయును. కర్మాగారము విశాలమైన కొలిమితోను నీటితొట్టితోను సాధించినదానిని, వేలెడు వెడల్పుగల చోట, కొన్ని సెకండ్లలో, మఱల సాధింపవలసిన భారము అతుకుమీద పడును. అతుకనగా రెండు ముక్కలను కలుపు జిగురని తలచువారు ఈ లోహముతో పనిచేయరాదని నా యభిప్రాయము. ఇచ్చట ప్రతి అతుకును క్రొత్తగా ఉక్కును చేయుటయే.

మంట క్రింద ఏమి జరుగుచున్నదో నెమ్మదిగా చూతము. సుమారు 1440 డిగ్రీల చెంత కరిగిన డ్యూప్లెక్సు గడ్డకట్టునపుడు, మొదట పూర్తిగా ఫెర్రైటుగానే గడ్డకట్టును. ఆస్టెనైటు ఆనవాలు గూడ ఉండదు. వేడిమి 1300 ప్రాంతమునకు దిగిన పిమ్మట, ఫెర్రైటు రేణువుల హద్దులయందు ఆస్టెనైటు మొలకెత్తి, హద్దు పొడవునను పట్టీగా పరచుకొనును. ఇంకను చల్లారుకొలది, ఆ పట్టీనుండి సన్నని పలకలు రేణువు లోపలికి చొచ్చుకొనిపోవును. ఉల్కాఖండములలో ఇట్టి ఆకృతులనే 1808లో వియన్నాయందు కనిపెట్టిన విడ్మాన్‌స్టాటెన్ ప్రభువు పేర నేటికిని వీనిని పిలుచుచున్నారు. తుదకు రేణువు కడుపులో గూడ అక్కడక్కడ చిన్న ద్వీపములుగా ఆస్టెనైటు పుట్టును. ఇదంతయు ఘనపదార్థములో పరమాణువులు నడచి చేరుకొనవలసిన పని. 800 డిగ్రీలకు దిగిన తరువాత ఆ నడక మందగించి, అప్పటికి పుట్టిన ఆస్టెనైటు ఎంతయో అంతతో ఆగిపోవును. కావున 1200 మొదలు 800 వఱకు అతుకు దిగివచ్చుటకు పట్టిన కాలమే దాని భావి జీవితమును నిర్ణయించుచున్నది.

కరగకయే పక్కన నిలిచి మంటను అనుభవించిన మూలలోహము సంగతి ఇంకను సున్నితమైనది. కరుగుగట్టునకు ఆనుకొని, వెండ్రుకలంత మందమునుండి కొన్ని పదుల వెండ్రుకల మందము వఱకు గల ఒక పట్టీ 1300 డిగ్రీలు దాటి వేడెక్కును. అందులో పూర్వమున్న ఆస్టెనైటు ఫెర్రైటులో కరిగి మాయమగును. అడ్డు తొలగిన ఫెర్రైటు రేణువులు ఊరి పెద్దవగును. మంట ముందునకు జరిగినంతనే, చుట్టునున్న చల్లని పలక ఆ వేడిమిని లాగివేయును. మందమైన పలకమీద చిన్న మంటతో అతికినచో ఈ పట్టీ మెఱుపువలె చల్లబడి, ఫెర్రైటు నూటికి 70, 80 పాళ్ళుగా మిగిలిపోవును. అందువలన దార్ఢ్యము తగ్గుట ఒక నష్టము. అంతకుమించినది నత్రజని వలన కలుగు నష్టము. వేడి ఫెర్రైటు నత్రజనిని మింగగలదు. చల్లబడిన ఫెర్రైటు దానిని పట్టియుంచజాలదు. దానికి ఆశ్రయమీయగల ఆస్టెనైటు పుట్టలేదు. దిక్కులేని నత్రజని క్రోమియమును పట్టుకొని, రేణువుల లోపల క్రోమియము నైట్రైడు అను సూదిమొనల అవక్షేపములుగా రాలును. ఆ సూది చుట్టునున్న లోహమునకు క్రోమియము కొఱతపడును; క్లోరైడు నీరు మొట్టమొదట గుంటపొడుచు చోటు అదియే.

నత్రజని అపరాధియని దీనివలన తలచరాదు. దానిని తగినంత కలుపుటయే డ్యూప్లెక్సును రక్షించినది. మొదటి తరము డ్యూప్లెక్సులలో నత్రజని లేకుండుటచేత అతుకుప్రక్క పట్టీ దాదాపు శుద్ధ ఫెర్రైటుగా మిగిలెడిది. అందువలన గొట్టములుగా కంటె అతుకులేని పోతలుగానే వాడుకొనుట మేలయ్యెను. 1968 ప్రాంతమున కరుగులోనికి ఆర్గను, ప్రాణవాయువులను కలిపి ఊదు విధానము పారిశ్రామికముగా అమలునకు వచ్చినతోడనే, బొగ్గుపాలును తగ్గించుటయు, నత్రజనిని కొలిచి కలుపుటయు సులభసాధ్యములైనవి. ఇనుములోని ఖాళీ సందులయందు ఇముడు చిన్ని పరమాణువగుటచే నత్రజని త్వరత్వరగా నడచును. తానున్నచోట ఆస్టెనైటును ఎక్కువ వేడిమియందే మొలకెత్తించును. క్రోమియమును నికెలును సర్దుకొనులోపలనే అది పని ముగించును. డెబ్బదుల తరువాత వచ్చిన 2205 వంటి రకములను ధైర్యముగా అతుకగలుగుట దీని చలువయే.

త్వరగా చల్లారుటయే ప్రమాదమైనచో, నిదానముగా చల్లార్చరాదా? అచ్చటను ఒక గోయి కలదు. చిత్తూరు ప్రాంతపు బెల్లపు కొట్టాలయందు పెనముమీది పాకమును వేగిరపడి దింపినచో అచ్చు కట్టదు, ఆలస్యము చేసినచో మాడి నల్లబడును. ఈ నడిమి గడియను పట్టువాడే పనివాడు. డ్యూప్లెక్సుకును అట్టి నడిమి గడియయే కలదు. 700 మొదలు 950 డిగ్రీల నడుమ ఎక్కువసేపు నిలిచినచో, ఫెర్రైటు విచ్ఛిన్నమై సిగ్మా అను దశ పుట్టును. అది క్రోమియమును మాలిబ్డినమును ఆబగా పీల్చుకొను గట్టి, పెళుసు పదార్థము. నూటికి కొద్ది పాళ్ళు పుట్టినంతనే దెబ్బకు ఓర్చుకొను శక్తి హఠాత్తుగా పడిపోవును, చుట్టుప్రక్కల క్రోమియము కఱవై క్షయము మొదలగును. 2205లో దీనికి చాల నిమిషములు పట్టును. క్రోమియము 25 పాళ్ళు, మాలిబ్డినము 4 పాళ్ళు గల సూపర్ డ్యూప్లెక్సునందు అంతకంటె చాల త్వరగా పుట్టును. ఉప్పునీటిని ఎక్కువగా ఎదిరించుటకు చేర్చిన మూలకములే సిగ్మాను తొందరపెట్టుచున్నవి. 475 డిగ్రీల చెంత మఱియొక చిక్కు: ఫెర్రైటులోని క్రోమియము గుంపులుగా విడిపోయి లోహము పెళుసగును. ఇది గంటలకొలది పట్టు వ్యవహారమగుటచే అతుకుసమయమున అంత భయము లేదు గాని, డ్యూప్లెక్సు గొట్టమును 300 డిగ్రీల పైబడి నిరంతరము వాడరాదను నియమమునకు ఇదియే హేతువు.

మందపు పలకను ఒకే వరుసతో అతుకుట సాధ్యము గాదు. వరుసపై వరుస వేయవలసియుండును. రెండవ వరుస వేడిమి మొదటి వరుసను మఱల కాచును. అప్పుడు మొదట పుట్టక మిగిలిన ఆస్టెనైటు రెండవ విడతగా సన్నసన్నగా పుట్టును. తూకము సరియగుచున్నదని సంతసింపవచ్చును. కాని ఈ రెండవ విడత ఆస్టెనైటుకు నత్రజని వంతు తక్కువ, గుంటక్షయమును ఎదిరించు శక్తియు తక్కువ. గొట్టపు అతుకులో లోపలి నీటికి తగులునది మొదటి వరుసయే గదా! కావున అనుభవజ్ఞులు మొదటి వరుసను కొంచెము బలముగాను, రెండవదానిని కొంచెము తేలికగాను వేయుదురు.

ఈ కథలోని చికిత్సలు రసాయనమునకు కొన్ని, కాలమునకు కొన్ని సంబంధించినవి. పూరకపు తీగలో నికెలును 5 పాళ్ళనుండి 9 పాళ్ళకు పెంచి, 2209 అను పేర అమ్మెదరు. హెచ్చిన నికెలు వలన, త్వరగా చల్లారు అతుకులో గూడ ఆస్టెనైటు తగినంత పుట్టును. తీగ లేకుండ అంచులను మాత్రమే కరగించి కలుపుట, మన ఊళ్ళ స్టీలు రెయిలింగుల పనిలో మామూలే. డ్యూప్లెక్సుకు అది తగదు, చేసినచో మఱల కొలిమిలో పెట్టి నీట ముంచవలసివచ్చును. వెల్డింగు దుకాణములలో ఆర్గన్ వెల్డింగని పిలువబడు పద్ధతిలో, కరుగునుండి నత్రజని గాలిలోనికి పరారి కాకుండ, ఆర్గనుతో నూటికి 2 పాళ్ళ నత్రజనిని కలుపుదురు. గొట్టపు లోపలివైపున గూడ ప్రాణవాయువు తగులకుండ వాయువును నింపియుంచెదరు.

కాలమునకు సంబంధించిన చికిత్స అంకగణితమే. 12 వోల్టులు, 150 ఆంపియర్లు, నిమిషమునకు 100 మిల్లీమీటర్ల నడక అనుకొందము. వోల్టులను ఆంపియర్లతో గుణింపగా సెకండునకు 1800 జౌళ్ళు. సెకండునకు నడిచిన దూరము 1.67 మిల్లీమీటర్లు, మిల్లీమీటరునకు పోసిన వేడిమి 1.08 కిలోజౌళ్ళు. 2205కు ఇది 0.5 మొదలు 2.5 వఱకు ఉండవచ్చునని సామాన్య నియమము. క్రింది హద్దు అతి శీఘ్రశీతలీకరణమును, పై హద్దు సిగ్మాను తప్పించుటకు. రెండవ నియమము, ఒక వరుసకును మఱియొక వరుసకును నడుమ లోహము 150 డిగ్రీలకు చల్లారువఱకు ఆగవలెననునది. సూపర్ డ్యూప్లెక్సుకు 100 డిగ్రీలే. రోహిణి కార్తెలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటి, ఆరుబయట పలక ఎండకే చుఱ్ఱుమనుచుండగా, ఈ నిరీక్షణము చలిదేశముల గ్రంథములలో వ్రాసినదానికంటె దీర్ఘమగును. గుత్తకు పనిచేయు వెల్డరు అంతసేపు చేతులు కట్టుకొని కూర్చుండుట కష్టమే. తడిగుడ్డ వేసి తొందరపెట్టుట వాడుకలోనున్న అడ్డదారి. నియమము ఎంత మంచిదైనను, కూలి లెక్క గంటలమీదనా, అతుకుల సంఖ్యమీదనా అనుదానినిబట్టి అది నిలుచుటయు తప్పుటయు జరుగుచున్నదని నాకు తోచుచున్నది.

అతుకు ప్రక్కన కనబడు పసుపు, నీలి రంగులు చూచుటకు అందముగనే యుండును. అవి వేడిలో పెరిగిన ఆక్సైడు పొరలు. ఆ పొర క్రింద క్రోమియము తగ్గియుండును గనుక, నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లములు కలిపిన లేపనముతో తినిపించి కడిగివేయవలెను. మామూలు ఇనుపగేటును రుద్దిన తీగబ్రష్షునే దీనిమీదను వాడినచో, చిక్కుకొన్న ఇనుపరజను తుప్పుపట్టి, స్టెయిన్‌లెస్ స్టీలునకు లేనిపోని అపకీర్తి తెచ్చును.

అతుకులో తూకము కుదిరినదో లేదో తెలిసికొనుట ఎట్లు? నునుపుచేసిన తునకను కాస్టిక్ సోడా ద్రావణములో పెట్టి విద్యుత్తు ప్రసరింపజేసినచో, ఫెర్రైటు గోధుమవర్ణమునకో నీలవర్ణమునకో తిరుగును, ఆస్టెనైటు తెల్లగా మిగులును. గళ్ళు గీసి ఎన్ని బిందువులు దేనిమీద పడినవో లెక్కింపవచ్చును. కాని నిలువబెట్టిన గొట్టమును కోసి చూడలేము. అప్పుడు ఆదరువైనది ఫెర్రైటు అయస్కాంత స్వభావమే. పెన్నంత పరికరపు మొనను అతుకుమీద ఆనించి, లోహము ఎంతగా అయస్కాంతీకృతమగునో కొలిచి, ఫెర్రైటు పాళ్ళను చెప్పుదురు. సాధారణముగా అతుకునందు 35కు తగ్గక 65కు మించక ఉండవలెనని కోరుదురు. ఇందులో ఒక మోసమున్నది: సిగ్మాకు అయస్కాంతత్వము లేదు. ఫెర్రైటులో కొంత సిగ్మాగా మాఱిపోయినచో పరికరము ఫెర్రైటు మాత్రము తగ్గినట్లు చూపి, తక్కినది ఆస్టెనైటేయని మనలను భ్రమింపజేయును. అందువలన ముఖ్యమైన పనులలో దెబ్బపరీక్షను, క్షయపరీక్షను విడిగా జరుపుదురు.

ఇక శ్రీహరికోటకు వత్తము. అక్కడ నిలువబెట్టు రాకెట్ల పెద్ద ఘనయింధన మోటార్ల కవచము డ్యూప్లెక్సు గాదు, మరేజింగు ఉక్కు. హైదరాబాదులో 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగం దీనిని ఎమ్.డి.ఎన్. 250 అను పేర చేయుచున్నది. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచె కవచము వ్యాసము 2.8 మీటర్లు, ఎల్.వి.ఎం.3 ప్రక్కమోటార్ల వ్యాసము 3.2 మీటర్లు. ఇందు 18 పాళ్ళ నికెలు, 8 పాళ్ళ కోబాల్టు, 5 పాళ్ళ మాలిబ్డినము, కొంచెము టైటానియము కలవు. బొగ్గుపాలు దాదాపు శూన్యము. మొదట మెత్తగానుండి వంచుటకు, అతుకుటకు లొంగిన ఈ లోహమును 480 డిగ్రీల చెంత కొన్ని గంటలు కాచినచో, అతిసూక్ష్మమైన అవక్షేపములు పుట్టి, బలము 304 రకమునకు ఎనిమిది రెట్లగును. పీడనమును భరించు పలకకు ఈ బలమెంత అవసరమో, అతుకునందును అంతే అవసరము.

ఇచ్చట ఆస్టెనైటు స్థానము తలక్రిందులగుచున్నది. డ్యూప్లెక్సు అతుకులో ఎంత పుట్టిన అంత మేలనిపించిన ఆ దశ, మరేజింగు అతుకులో పుట్టరానిది. కరుగు గడ్డకట్టునపుడు చివరగా మిగిలిన ద్రవమున మాలిబ్డినమును టైటానియమును కూడబెట్టబడి, గడ్డకట్టిన కణముల హద్దులయందు నిలిచిపోవును. ఆ హద్దులయందు, కాచు వేడిమియే చాలును, లోహము మఱల ఆస్టెనైటుగా తిరుగుటకు. చల్లారిన పిమ్మట గూడ అది అట్లే మిగిలి, బలమైన భూమిలో మెత్తని గుంటలుగా నుండును. అతుకుకు కొంత యెడముగా, మంటవేడిమి 650 డిగ్రీల ప్రాంతమున తగిలిన పట్టీలో గూడ ఇట్టి ఆస్టెనైటే పుట్టును. మూలకములను సమముగా పంచుటకు మిక్కుటమైన వేడిమిలో నానబెట్టవచ్చును గాని, అంత పెద్ద కవచమును అట్లు కాచినచో ఆకారము చెడును. కావున మాలిబ్డినమును తగ్గించి కోబాల్టును పెంచిన పూరకపు తీగను వాడుట, వేడిమిని వీలైనంత తక్కువగా పోయుట మొదలగు ఉపాయములు పరిశోధకులు వెదకినారు. డ్యూప్లెక్సు వెల్డరునకు క్రింది హద్దు ఒకటి కలదు, అంతకు తగ్గి వేడిమి పోయరాదు. మరేజింగు వెల్డరునకు ఆ భయము లేదు. ఆ వెల్డరునకు వేరొక భయము కలదు: డ్యూప్లెక్సునందు ఆస్టెనైటు జననము మంట దాటిపోయిన కొన్ని సెకండ్లలో ముగియగా, మరేజింగునందు కరిగి గడ్డకట్టిన భాగమున అది అతుకు చల్లారి, పరీక్షలు జరిగి, కవచము కొలిమికి చేరిన తరువాత మొదలగును.